శిఖరం ఎక్కడానికి వెళ్లి అన్ని రోజులు కిందే ఎందుకు ఉంటారు?

మన జిల్లా నుంచి ఎవరైనా ఎవరెస్ట్‌కి వెళ్తున్నారంటే సెంటర్లో ఫ్లెక్సీ కడతారు, పేపర్లో జిల్లా పేజీలో ఫొటో వస్తుంది. ఏప్రిల్ మొదట్లో వెళ్లిన మనిషి మే నెలాఖరుకు గానీ తిరిగి రాడు. అందులో శిఖరం కోసం పైకి వెళ్లి దిగివచ్చే ఆఖరి ప్రయాణం వారం రోజుల లోపే. విమానం దిగే లుక్లా నుంచి కొండ అడుగున ఉండే బేస్ క్యాంప్ దాకా నడక ఎనిమిది, తొమ్మిది రోజులు. మధ్యలో ఒకటి రెండుసార్లు పై క్యాంపులకు వెళ్లొస్తారు. మిగిలిన రోజులన్నీ 5,364 మీటర్ల ఎత్తున, ఖుంబు హిమానీనదం మీద, రాళ్ల మధ్య వేసిన టెంట్లోనే గడుస్తాయి. "అన్ని రోజులు అక్కడేం చేస్తారు, తిని పడుకుంటారా?" అని అడిగేవాళ్లే ఎక్కువ.

ఆ రోజుల్ని ఖాళీ రోజులుగా లెక్కేస్తే పర్వతారోహణ ఎప్పటికీ అర్థం కాదని నా నమ్మకం. ఎక్కడంలో పెద్ద భాగం బేస్ క్యాంప్‌లోనే జరుగుతుంది. అక్కడ ఎక్కువ పని ఊపిరితిత్తులది, కిడ్నీలది, ఎముకల్లోని మూలుగది. కాళ్ల వంతు తర్వాత వస్తుంది.

ముందు గాలి సంగతి. పైకి వెళ్లేకొద్దీ గాలిలో ఆక్సిజన్ శాతం తగ్గిపోతుందని చాలామంది అనుకుంటారు. శాతం తగ్గదు. నెల్లూరు ట్రంకు రోడ్డు మీద ఎంతో ఎవరెస్ట్ కొన మీదా అంతే, దాదాపు 21 శాతం. తగ్గేది గాలి ఒత్తిడి. మన నెత్తి మీదున్న గాలి బరువే ఆ ఒత్తిడి. పైకి పోయేకొద్దీ నెత్తి మీద మిగిలే గాలి తక్కువ. బేస్ క్యాంప్ దగ్గర ఒత్తిడి సముద్రమట్టంలో ఉండే దాంట్లో సుమారు సగం. 8,848.86 మీటర్ల శిఖరం మీద మూడో వంతు. అంటే అదే ఛాతీతో, అంతే గట్టిగా ఊపిరి తీసినా లోపలికి చేరే ఆక్సిజన్ బేస్ క్యాంప్‌లో సగం, శిఖరం మీద మూడో వంతు.

మైపాడు, కొత్తపట్నం ఒడ్డున పెరిగినవాళ్లకు ఈ తేడా ఒంటికి తెలిసే అవకాశమే లేదు. ఎత్తు వల్ల వచ్చే ఇబ్బందులు మామూలుగా 2,500 మీటర్లు దాటాకే మొదలవుతాయి. ఉదయగిరి దుర్గం ఎక్కినా, పెంచలకోన వెనక వెలిగొండలు ఎక్కినా మనం చూసేది వెయ్యి మీటర్ల అటూ ఇటూ. అయినా సంగం మండలం గాంధీజనసంఘంలో పుట్టిన మల్లి మస్తాన్ బాబు 2006లో ఏడు ఖండాల్లోని అత్యున్నత శిఖరాలను 172 రోజుల్లో ఎక్కారు. పల్లపు నేల మీద పుట్టడం అడ్డు కాదనడానికి వేరే రుజువు అక్కర్లేదు. ఎత్తుకు సర్దుకునే ఏర్పాటు అందరి ఒంట్లోనూ ఉంది. దానికి రోజులు కావాలి, అంతే.

ఆ ఏర్పాటు ఎలా పనిచేస్తుందో చూద్దాం. పైకి చేరిన మనిషి తనకు తెలియకుండానే గబగబా, లోతుగా ఊపిరి తీస్తాడు. ఆక్సిజన్ కాస్త ఎక్కువే అందుతుంది గానీ, దాంతోపాటు కార్బన్ డయాక్సైడ్ మరీ ఎక్కువగా బయటికి పోతుంది. అది పోయేకొద్దీ రక్తంలో క్షారగుణం పెరుగుతుంది. మెదడు దాన్ని పసిగట్టి ఊపిరికి కళ్లెం వేస్తుంది. ఒకపక్క ఆక్సిజన్ చాలదు, మరోపక్క ఊపిరి పెంచడానికి వీల్లేదు. ఈ పీటముడి విప్పేవి కిడ్నీలు. రక్తంలోని బైకార్బొనేట్ అనే క్షారాన్ని కొద్దికొద్దిగా మూత్రంలోకి పంపించి ఆ కళ్లేన్ని వదులు చేస్తాయి. అందుకు కొన్ని రోజులు పడుతుంది. కొత్త ఎత్తుకు చేరినప్పుడల్లా రాత్రిళ్లు పదే పదే లేవాల్సి రావడం ఇందువల్లే. ఆ చలిలో బయటికి పోలేక టెంట్లోనే ఒక సీసా పెట్టుకుంటారు. చీకట్లో తడిమినా మంచినీళ్ల సీసా అనుకోకుండా దానికి టేపు చుట్టి ఉంచుతారు. డయామాక్స్ అనే మాత్ర గురించి వినే ఉంటారు. అది కిడ్నీలు చేసే ఈ పనినే వేగిరపరుస్తుంది. తలనొప్పిని కప్పిపెట్టే మందు అనుకోవడం పొరపాటు.

నిద్ర ఇంకో పరీక్ష. ఊపిరికి, మెదడుకు మధ్య ఈ లాగులాట నడుస్తున్నన్నాళ్లూ నిద్రలో శ్వాస ఒక పద్ధతిలో ఉండదు. నాలుగైదు సార్లు వేగంగా, లోతుగా తీస్తాడు. తర్వాత పది సెకన్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువసేపు, అసలు ఊపిరే ఉండదు. మళ్లీ ఒక్కసారిగా ఎగశ్వాస. పక్కన పడుకున్న కొత్తవాడికి గుండె ఆగినంత పనవుతుంది, లేపి చూస్తాడు. అంత ఎత్తులో ఇది దాదాపు అందరికీ జరిగేదే. తెల్లారి ఇద్దరూ నిద్ర చాలక ఎర్రబడ్డ కళ్లతో కూర్చుంటారు.

అన్నిటికంటే నిదానంగా జరిగేది రక్తం మార్పు. ఆక్సిజన్ తగ్గిందని గుర్తించిన కిడ్నీలు ఎరిత్రోపొయిటిన్ అనే హార్మోన్ వదులుతాయి. అది అందుకున్న మూలుగ ఎర్ర రక్తకణాలు ఎక్కువగా తయారుచేస్తుంది. హార్మోన్ పెరగడానికి గంటలు చాలు; లెక్కలోకి వచ్చేంతగా కొత్త కణాలు రావడానికి వారాలు కావాలి. ఇక్కడ డబ్బు, కండబలం, పట్టుదల ఏవీ పనికిరావు. మారథాన్ పరిగెత్తేవాడి మూలుగ కూడా తొందరపడదు. పైగా బాగా ఫిట్‌గా ఉన్నవాడే వేగంగా నడిచి, ఒంటికి సర్దుకునే వ్యవధి ఇవ్వక జబ్బు పడుతుంటాడు.

కోవిడ్ రోజుల్లో మనం ఇంటింటా కొన్న పల్స్ ఆక్సీమీటర్ బేస్ క్యాంప్‌లో పొద్దునా సాయంత్రం వేళ్లకు పెడతారు. అప్పట్లో 94 కంటే తగ్గితే మనకు టెన్షన్. అక్కడ 80కి అటూ ఇటూ ఉన్న మనిషి టీ తాగుతూ కబుర్లు చెబుతుంటాడు. అతనికి నిన్న ఎంత ఉంది, ఈ రోజు ఎంత ఉంది, తలనొప్పి, వాంతులు ఉన్నాయా అనేది కలిపి చూడాలి. పక్కవాడి నంబర్‌తో పోల్చుకుని బెంగపడేవాళ్లు ఉంటారు. దానివల్ల ఉన్న నిద్ర కూడా పోతుంది.

ఎక్కువ ఎత్తుకు ఎక్కు, తక్కువ ఎత్తుకు దిగి పడుకో అనేది పర్వతారోహకుల పాత సూత్రం. దాని ప్రకారం బేస్ క్యాంప్ నుంచి 6,000 మీటర్ల పైనున్న ఒకటో క్యాంపుకి, 6,400 మీటర్ల చిల్లర ఎత్తున్న రెండో క్యాంపుకి వెళ్లి, అక్కడ ఒకటి రెండు రాత్రులు గడిపి, వీలైతే 7,200 మీటర్ల దరిదాపుల్లోని మూడో క్యాంపును తాకి, మళ్లీ కిందికి వచ్చేస్తారు. దీన్నే రొటేషన్ అంటారు. ఎక్కిందంతా దిగడం చూసేవాళ్లకు వృథా ప్రయాస. కానీ పైనే ఉండిపోతే ఒళ్లు బాగుపడదు. సుమారు 5,500 మీటర్లు దాటాక మనిషి ఎన్నాళ్లున్నా కోలుకోడు, కండ కరిగిపోతూనే ఉంటుంది. చిన్న గాయం కూడా సరిగ్గా మానదు. లోకంలో అన్నిటికంటే ఎత్తైన ఊరుగా చెప్పే పెరూలోని లా రింకొనాడా కూడా సుమారు 5,100 మీటర్ల దగ్గరే ఆగిపోయింది. పైకి వెళ్లి ఒంటికి ఆ ఎత్తు చవిచూపించడం, కిందికి వచ్చి దాన్ని సర్దుకోనివ్వడం. బేస్ క్యాంప్ రోజులన్నీ ఈ రెండో పనికే. అది కూడా చాలదనుకున్నవాళ్లు ఆఖరి ప్రయాణానికి ముందు ఇంకా కిందికి, డింగ్‌బోచె లాంటి ఊళ్లకు దిగి నాలుగు రోజులు తిని, నిద్రపోయి వస్తారు.

ఇక రోజు ఎలా గడుస్తుంది? రాత్రంతా విడిచిన ఊపిరి టెంట్ లోపలి గుడ్డకు సన్నటి మంచుగా పేరుకుంటుంది. పొద్దున్నే కిచెన్ కుర్రాడు జిప్పు తీసి పాల టీ అందించేటప్పుడు టెంట్ కదిలి ఆ మంచు మొహం మీద రాలుతుంది. ఎండ పడేదాకా స్లీపింగ్ బ్యాగ్ వదలరు. ఎండ పడ్డాక గంటలో అదే టెంట్లో ఉక్కపోసి కూర్చోలేరు. టిఫిన్ అయ్యాక కొందరు దగ్గర్లోని మంచుగోడల మీద నిచ్చెన దాటడం, తాడు పట్టుకుని ఎక్కడం సాధన చేస్తారు. కొందరు దగ్గర్లోని కాలాపత్థర్ గుట్ట వైపు నడిచొస్తారు. వారానికోసారి బకెట్ వేడినీళ్లతో స్నానం. రోజుకు మూడు నాలుగు లీటర్ల నీళ్లు తాగడం ఒక డ్యూటీ. పొడి గాలిలో ఊపిరితోనే ఒంట్లోని తేమ పోతుంది మరి. ఆ గాలికే గొంతు ఆరిపోయి దగ్గు పట్టుకుంటుంది. పక్కటెముకలు విరిగేలా దగ్గినవాళ్లు కూడా ఉన్నారు. సాయంత్రం ఐదు దాటితే చలి, ఏడెనిమిదికల్లా అందరూ టెంట్లలోకి. మరుగుదొడ్డి డ్రమ్ములు నిండగానే కూలీలు కిందికి మోసుకుపోతారు. ఆ పని చేసేవాళ్ల గురించి ఎవరూ రాయరు, రాయాలి.

వంట దగ్గరికి వస్తే గాలి ఒత్తిడి సంగతి మనకు ఇంకా బాగా అర్థమవుతుంది. మన ఇంట్లో 100 డిగ్రీలకు తెర్లే నీళ్లు బేస్ క్యాంప్‌లో 82, 83 డిగ్రీలకే తెర్లుతాయి. ఆ పైన మంట ఎంత పెంచినా వేడి పెరగదు, నీళ్లు ఆవిరైపోవడమే. ఎసరు కాగింది కదా అని బియ్యం పోసి వారుద్దామంటే మెతుకు పైన మెత్తబడి లోపల పలుకుగానే ఉంటుంది. కందిపప్పు సంగతి చెప్పనే అక్కర్లేదు. అందుకే అక్కడి కిచెన్ టెంట్లో ప్రెషర్ కుక్కర్ లేనిదే పూట గడవదు. మూత బిగించాక లోపలి ఒత్తిడి పెరిగి నీళ్లు 112 డిగ్రీల దాకా వేడెక్కుతాయి. మన దగ్గర కుక్కర్లో 120 దాకా పోతుంది కాబట్టి అక్కడ విజిల్స్ ఇంకొన్ని రానివ్వాలి. ఇంటి నుంచి తీసుకెళ్లిన పొడుల ప్యాకెట్లు ఉబ్బి బిగుసుకుపోయి ఉంటాయి. కింద సీల్ వేసినప్పటి గాలి పైన వ్యాకోచిస్తుంది మరి. మూతికి దగ్గరగా పెట్టుకుని ప్యాకెట్ చింపితే కారప్పొడి కంట్లో పడుతుంది.

మా వీధి నుంచి ఒక కుర్రాడు వెళ్లాడు. అక్కడ ఇప్పుడు ఇంటర్నెట్ దొరుకుతుంది కాబట్టి వాళ్లమ్మ వీడియో కాల్ చేసేది.

"అన్నం తిన్నావా నాయనా?"

"తిన్నాన్మా."

"ఏం కూర?"

"పప్పేమా. పొద్దునా పప్పే, రేత్రికీ పప్పే."

"పచ్చడి ఉండాదా, అయిపోయిందా?"

"ఉండాది. ఆకలే పుట్టడం లా."

"ఇంకా ఆడే ఉండావు గదా, ఎక్కేది ఎప్పుడు మరి?"

ఆకలి పుట్టకపోవడం ఆ తల్లికి కొడుకు బెంగలా అనిపించింది. నిజానికి ఎత్తుకు ఒంట్లో ఆకలి పుట్టించే ఏర్పాటే మందగిస్తుంది. ఖర్చు మాత్రం పెరుగుతుంది. ఊపిరి తీయడానికి, వెచ్చగా ఉండడానికి కూడా శక్తి పోతూనే ఉంటుంది. రోజంతా కూర్చున్నా బరువు తగ్గుతారు. కాబట్టి ఆకలితో పని లేకుండా వేళకు తినడం అక్కడ క్రమశిక్షణ. పుల్లగా, కారంగా ఏదో ఒకటి ఉంటే ముద్ద దిగుతుంది. గోంగూర పచ్చడి సామాన్లలో బరువు అనుకోవద్దని వెళ్లేవాళ్లకు నేను గట్టిగా చెబుతాను.

ఇన్నాళ్లు కిందే ఉండడానికి ఒళ్లొక్కటే కారణం కాదు. దారి కూడా సిద్ధం కావాలి. బేస్ క్యాంప్‌కి, ఒకటో క్యాంపుకి మధ్య ఖుంబు ఐస్‌ఫాల్ ఉంది. హిమానీనదం ఏటవాలులో విరిగి, ఇంతింత మంచుదిమ్మెలై కదులుతూ ఉండే చోటు అది. అందులో నిచ్చెనలు వేసి, తాళ్లు కట్టే షెర్పాలను ఐస్‌ఫాల్ డాక్టర్లు అంటారు. మంచు కదిలితే మళ్లీ వేయాలి. టెంట్లు, ఆక్సిజన్ సిలిండర్లు, తిండి పై క్యాంపులకు మోసేదీ షెర్పాలే. చలికి మంచు గట్టిగా ఉండే వేళ చూసుకుని అర్ధరాత్రి దాటాక లేచి బయల్దేరతారు. మనం రొటేషన్‌లో నాలుగైదు సార్లు దాటే ఆ చోటును వాళ్లు ఒక సీజన్‌లో అంతకు ఎన్నో రెట్లు దాటుతారు. 2014 ఏప్రిల్ 18న అక్కడ మంచుచరియ విరిగిపడి 16 మంది నేపాలీ కార్మికులు చనిపోయారు. పైకి వెళ్లేముందు లామాను పిలిచి పూజ చేయించనిదే షెర్పాలు అడుగు వేయరు. మంచు గొడ్డళ్లు, క్రాంపాన్లు అనే బూట్లకు కట్టే ఇనుప ముళ్లు రాళ్ల పీఠం దగ్గర పెట్టి, జునిపర్ ఆకులు కాల్చి, ఒకరి చెంపలకు ఒకరు పిండి పూస్తారు. మన వాళ్లు కూడా అక్కడ భక్తిగా కూర్చుంటారు. ఆ పూజలో కోరుకునేది క్షేమంగా పోయిరావడం.

బేస్ క్యాంప్ సురక్షితమైన చోటు అనుకోవడానికీ లేదు. టెంట్ కింద ఉన్నది మంచే. రాత్రిళ్లు అది చిట్లుతున్న చప్పుడు వీపు కింద వినిపిస్తుంది. రెండు మూడు వారాలకోసారి టెంట్ కింద రాళ్లు మళ్లీ సర్దుకోవాలి. 2015 ఏప్రిల్ 25న వచ్చిన నేపాల్ భూకంపానికి పక్కనున్న పుమోరి శిఖరం వైపు నుంచి మంచు ఊడిపడి బేస్ క్యాంప్‌లోనే పదిహేను మందికి పైగా చనిపోయారు. ఆండీస్ పర్వతాల్లో చనిపోయిన మస్తాన్ బాబు భౌతికకాయం సొంతూరు చేరింది కూడా ఆ ఏప్రిల్‌లోనే.

ఒళ్లు సిద్ధమైంది, దారి సిద్ధమైంది. ఇక గాలి. చలికాలమంతా ఎవరెస్ట్ కొన జెట్ స్ట్రీమ్ అనే మహావేగపు గాలుల్లో మునిగి ఉంటుంది. గంటకు 150 కిలోమీటర్లు దాటే ఆ గాలిలో మనిషి నిలబడలేడు. వేసవిలో భారత భూభాగం, టిబెట్ పీఠభూమి వేడెక్కేకొద్దీ ఆ జెట్ స్ట్రీమ్ ఉత్తరానికి జరుగుతుంది. వెనకే నైరుతి రుతుపవనాలు వస్తాయి, వాటితో మంచు కురుస్తుంది. గాలి తగ్గాక, మంచు మొదలయ్యే లోపు దొరికే కొద్ది రోజులే శిఖరానికి అదను. మామూలుగా అది మే మధ్య నుంచి చివరి వారం లోపు. మన పంచాంగంలో కర్తరి నడిచే రోజులు సరిగ్గా అవే. కావలి, ఒంగోలు రోడ్ల మీద పన్నెండింటికి మనిషి కనిపించని ఆ ఎండలకూ, అక్కడ గాలి తెరిపివ్వడానికీ మూలం ఒక్కటే, నడినెత్తికి వస్తున్న సూర్యుడు. 2014 మే 25న గురుకుల విద్యార్థులు మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ టిబెట్ వైపు నుంచి శిఖరం చేరింది కూడా ఈ అదనులోనే. కాబట్టి "వాతావరణం చూస్తున్నాం" అని నాలుగు రోజులుగా చెబుతున్నవాడు సాకులు చెబుతున్నట్టు కాదు.

ఈ మధ్య దీన్నంతా కుదించే ప్రయత్నాలు జరుగుతున్నాయి. 2025 మేలో నలుగురు బ్రిటిష్ ఆరోహకులు క్సెనాన్ వాయువు పీల్చుకుని, లండన్ నుంచి బయల్దేరిన వారంలోపే శిఖరం ఎక్కి పెద్ద చర్చ రేపారు. అయితే వాళ్లు అంతకుముందు వారాల తరబడి ఇంటి దగ్గర ఆక్సిజన్ తగ్గించిన టెంట్లలో పడుకున్నారు. నాకు ఇందులో కనిపించేది ఒకటే. ఆ వారాలను ఎవరూ తప్పించుకోలేదు, బేస్ క్యాంప్ నుంచి పడకగదికి మార్చుకున్నారు.

ఎవరెస్ట్ మాట అటుంచి, మన జిల్లాల నుంచి లేహ్‌కి, అమర్‌నాథ్‌కి, కైలాస మానససరోవరానికి వెళ్లేవాళ్లు వేలల్లో ఉన్నారు. ఒంటికి సంబంధించిన ఈ సూత్రాలన్నీ వాళ్లకీ వర్తిస్తాయి. 3,000 మీటర్లు దాటాక పడుకునే ఎత్తు రోజుకు 500 మీటర్ల కంటే పెంచుకోకూడదు. మూడు నాలుగు రోజులకోసారి ఒక రోజు ఆగాలి. విమానంలో నేరుగా లేహ్‌లో దిగినవాళ్లు మొదటి రెండు రోజులు గదిలోనే ఉండడం మంచిది. తలనొప్పి, వికారం ఉంటే ఇంకా పైకి పోకూడదు. కూర్చున్నా ఆయాసం తగ్గకపోతే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతున్నట్టు. మాట తడబడి, మడమకు వేళ్లు ఆనించి గీత మీద నడవలేకపోతే మెదడు వాస్తున్నట్టు. ఈ రెంటికీ ఆక్సిజన్, మందులు కాస్త వ్యవధి ఇస్తాయి. ప్రాణం నిలిపేది వెంటనే కిందికి దించడమే. తెల్లారేదాకా చూద్దామనుకుని పోగొట్టుకున్న ప్రాణాలు ఎన్నో.

ఇక డబ్బు సంగతి, ఇది చెప్పకపోతే బేస్ క్యాంప్ మనసు అర్థం కాదు. నేపాల్ ప్రభుత్వం 2025 సెప్టెంబర్ నుంచి వసంతకాలపు పర్మిట్ ఫీజును 11,000 డాలర్ల నుంచి 15,000 డాలర్లకు పెంచింది. షెర్పాలు, ఆక్సిజన్, తిండి, సామాన్లు కలిపితే ఖర్చు లక్షల్లోనే. మన దగ్గర నుంచి వెళ్లేవాళ్లలో చాలామంది చందాలతో, అప్పులతో వెళ్తారు. మే చివర్లో ఐస్‌ఫాల్ నిచ్చెనలు తీసేస్తారు, ఆ లోపు ఎక్కకపోతే ఆ ఏడాదికి అంతే. పర్మిట్ డబ్బు తిరిగి రాదు. దగ్గు తగ్గని మనిషి, ఆక్సీమీటర్ నంబర్ రోజురోజుకూ పడిపోతున్న మనిషి టెంట్లో పడుకుని ఆలోచించేది ఊళ్లో కట్టిన ఫ్లెక్సీ గురించి, సంతకం పెట్టిన నోటు గురించి. ఆ ఒత్తిడితో డాక్టర్‌కి నిజం దాచి పైకి పోతారు. అందుకని ఆత్మకూరులోనో కందుకూరులోనో ఎవరైనా కుర్రాడికి చందా ఇస్తుంటే, శిఖరం ఎక్కినా ఎక్కకపోయినా ఈ డబ్బు నీదేనని ఇచ్చేటప్పుడే అతనికీ, వాళ్లింట్లో వాళ్లకీ అందరి ముందూ చెప్పి ఇవ్వండి. ఫ్లెక్సీ అతను తిరిగొచ్చాక కట్టండి.